సాగర్‌లో 131 టీఎంసీలున్నా హైదరాబాద్‌కు టెన్షన్ ఎందుకు?

క్లుప్తంగా: నాగార్జునసాగర్ నీటిమట్టం 510 అడుగులకు దిగగానే హైదరాబాద్ తాగునీటి గురించి ఆందోళన మొదలవుతుంది. అప్పటికీ జలాశయంలో సుమారు 131 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఉంటాయి. నగరానికి ఏడాదంతటికీ ఉన్న కృష్ణా నీటి కోటా 16.5 టీఎంసీలే. నీరు ఎంత ఉందన్నదానికన్నా ఏ ఎత్తులో ఉందన్నదే ఇక్కడ అసలు సమస్య. ఆ మట్టం వేసవిలో ఎక్కడిదాకా పడిపోతుందో వానాకాలం ముగిసేలోపే నది చెప్పేస్తుంది. వరదకు ఉన్నట్టు కరువుకు ముందుగా ప్రకటించిన హెచ్చరిక గీతలు లేకపోవడంతో ఆ సమాచారం సమయానికి అక్కరకు రావడం లేదు.

కరువు ఏడాదిలో ఏప్రిల్ వచ్చేసరికి రెండు వార్తలు పక్కపక్కనే కనిపిస్తాయి. నాగార్జునసాగర్ డెడ్ స్టోరేజీకి, అంటే మామూలుగా వాడుకోవడానికి అందని అడుగు నిల్వకు చేరువైందని ఒకటి. హైదరాబాద్ తాగునీటికి ఢోకా లేదని ఇంకొకటి. రెండూ చదివినవారికి దేన్ని నమ్మాలో తెలియదు. నిజానికి రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. మట్టం 510 అడుగులకు పడిపోయినా సుమారు 131 టీఎంసీలు మిగిలే ఉంటాయి. కృష్ణా పథకం మూడు దశల్లో కలిపి హైదరాబాద్ రోజుకు తీసుకునేది 270 మిలియన్ గ్యాలన్లు, అంటే దాదాపు 122 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. అంటే ఒక్క టీఎంసీతో నగరానికి 23 రోజులు గడుస్తుంది. ఆ లెక్కన 131 టీఎంసీలు ఎనిమిదేళ్లకు సరిపోవాలి. మరి టెన్షన్ ఎందుకు?

## బావిలో నీళ్లున్నాయి, తాడు చాలడం లేదు

హైదరాబాద్‌కు కృష్ణా నీరు సాగర్ వెనుక ఉన్న పుట్టంగండి పంపుహౌస్ నుంచి మొదలవుతుంది. అక్కడ తోడిన నీరు అక్కంపల్లి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి చేరుతుంది. శుద్ధి అయ్యాక మళ్లీ దశలవారీగా ఎత్తిపోస్తూ వంద కిలోమీటర్లకు పైగా నడిపించి నగరం అంచున సాహెబ్‌నగర్ దాకా తెస్తారు. సాగర్ నిండుగా ఉన్నా దాని నీటిమట్టం సముద్రమట్టానికి 180 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. హైదరాబాద్ సగటు ఎత్తు 500 మీటర్ల పైమాటే. అంటే నగరంలో తాగే ప్రతి కృష్ణా నీటి చుక్కా కొండెక్కి వచ్చినదే.

పుట్టంగండి పంపులు పనిచేయాలంటే జలాశయం నీరు తనంతట తానే కాలువ గుండా పంపుల నోటి దాకా రావాలి. మట్టం 510 అడుగుల కన్నా దిగితే అది రాదు. అప్పుడు ‘అత్యవసర పంపింగ్’ మొదలుపెడతారు. జలాశయంలోకి ముందుకు వెళ్లి ఇంకో వరస పంపులు బిగించి, లోతున ఉన్న నీటిని తోడి కాలువలో పోస్తారు. అక్కడి నుంచి పాత పంపులు అందుకుంటాయి. ఒకే నీటిని రెండుసార్లు తోడటం అన్నమాట. కరెంటు ఖర్చు పెరుగుతుంది. మట్టం దిగేకొద్దీ బురద నీరు ఎక్కువై శుద్ధి కష్టమవుతుంది. ఒక పంపు ఆగినా సరఫరాలో వెంటనే తేడా కనిపిస్తుంది.

ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే ఎంత నీరు కావాలో లెక్క వేయవచ్చు. నవంబరు 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు చివరి దాకా పది నెలలు. హైదరాబాద్ రాత్రింబవళ్లు తీసుకునేది 500 క్యూసెక్కులు, అంటే సెకనుకు 500 ఘనపుటడుగులు. పది నెలలకు 13 టీఎంసీల పైచిలుకు. చూడ్డానికి చిన్న అంకె. కానీ ఈ 13 టీఎంసీలూ 510 అడుగుల గీతకు పైన ఉండాలి. అంటే వాటి కింద 131 టీఎంసీలు పరుపులా పరిచి ఉండాలి. ఆవిరి నష్టం దీనికి అదనం.

ఇంకో పోలిక చూద్దాం. సాగర్ కుడి కాలువ, ఎడమ కాలువల సామర్థ్యం ఒక్కోటి 11,000 క్యూసెక్కులు. ఒక కాలువ నిండుగా ఒక్కరోజు పారితే హైదరాబాద్‌కు 22 రోజులు సరిపడే నీరు వెళ్లిపోతుంది. కాబట్టి మట్టాన్ని 510కి దించేది నగరం తాగే నీరు కాదు. కాలువలకు ఎన్ని రోజులు వదిలారు, ఎప్పుడు ఆపారు అన్నదే దాన్ని తేలుస్తుంది. ఆ నిర్ణయం సరిగ్గా జరగాలంటే ఇకపై ఎంత నీరు వస్తుందో తెలియాలి. కథ ఇక్కడ నది దగ్గరికి వెళుతుంది.

## ప్రవాహాన్ని ఎలా కొలుస్తారు?

‘జూరాలకు 40 వేల క్యూసెక్కుల ఇన్‌ఫ్లో’ అని చదివినప్పుడు, నదిలో ఎక్కడో ఒక మీటరు తిరుగుతూ ఆ అంకె చూపిస్తోందని అనిపిస్తుంది. అలాంటి మీటరు లేదు. నదిలో నేరుగా చూసేది నీటి ఎత్తు మాత్రమే. ఒడ్డున లేదా వంతెన స్తంభానికి గేజి పలక ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల రాడార్ సెన్సర్లు వచ్చాయి. అవి గంటగంటకూ ఎత్తును చూసి ఉపగ్రహం ద్వారా పంపుతాయి. కృష్ణా మీద రాయచూరు దగ్గరి దేవసుగూరు, భీమా మీద యాద్గిర్, తుంగభద్ర మీద మంత్రాలయం వంటి చోట్ల కేంద్ర జలసంఘం ఇలాంటి కొలతలు తీసుకుంటుంది.

ఎత్తు నుంచి క్యూసెక్కులు రావాలంటే ఒక పట్టిక కావాలి. దాన్ని తయారుచేయడానికి సిబ్బంది పడవ మీదో, వంతెన మీద నుంచో నదిని అడ్డంగా చిన్న భాగాలుగా విడగొడతారు. ఒక్కో భాగంలో లోతు చూస్తారు. పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో కరెంట్ మీటరు దించి నీటి వేగం చూస్తారు. వెడల్పు, లోతు, వేగం గుణించి అన్ని భాగాలూ కలిపితే ఆ రోజు ప్రవాహం వస్తుంది. నీరు తక్కువున్నప్పుడు, మధ్యస్థంగా ఉన్నప్పుడు, వరదలో ఇలా పలుమార్లు కొలిచాక, ‘ఇంత ఎత్తుకు ఇంత ప్రవాహం’ అనే వక్రరేఖ తయారవుతుంది. ఆ తర్వాత ఎత్తు చూస్తే చాలు, ప్రవాహం ఆ రేఖ చెబుతుంది.

ఈ పద్ధతి వరదలో బాగా పనిచేస్తుంది. కరువులోనే ఇబ్బంది పెడుతుంది.

నది పది మీటర్ల లోతున పారుతున్నప్పుడు పది సెంటీమీటర్ల తేడా వస్తే ప్రవాహం లెక్క రెండు శాతం లోపే మారుతుంది. అదే నది ముప్ఫై సెంటీమీటర్ల లోతున పాయగా పారుతున్నప్పుడు అదే పది సెంటీమీటర్లు తప్పితే లెక్క సగానికి పైగా తారుమారవుతుంది. ఆ పది సెంటీమీటర్లు తప్పడానికి కారణాలు కూడా మన నదుల్లో ఎక్కువే. ఇసుక తవ్వకాలతో అడుగు మట్టం మారిపోతుంది. పాయ గేజి ఉన్న ఒడ్డును వదిలి అవతలి ఒడ్డుకు జరుగుతుంది. దిగువన చెక్‌డ్యాం కట్టినచోట నీరు నిలబడి గేజి మీద ఎత్తు కనిపిస్తుంది, ప్రవాహం మాత్రం ఉండదు. నాచు, తుంగ పెరిగి నీటిని ఆపుతాయి. నిన్నటి పట్టికతో ఇవాళ్టి నదిని చదివితే లేని నీరు ఉన్నట్టు కనబడుతుంది. అందుకే తక్కువ ప్రవాహాల పట్టికను కరువు ఏడాదిలో మళ్లీ మళ్లీ కొలిచి సరిచేయాలి. యంత్రాలు కొన్నంత మాత్రాన ఆ పని జరగదు. నీళ్లలో దిగి కొలిచే సిబ్బంది కావాలి.

## ఒక అంగుళం, మూడు వేల క్యూసెక్కులు

జలాశయాల దగ్గర సంగతి ఇంకా వింతగా ఉంటుంది. సాగర్‌కు వచ్చే ఇన్‌ఫ్లోను చాలావరకు కొలవరు, లెక్కగడతారు. నిన్నటి మట్టానికీ ఇవాళ్టి మట్టానికీ తేడా చూసి నిల్వ ఎంత మారిందో తీస్తారు. దానికి వదిలిన నీరు, ఆవిరి కలిపితే వచ్చిన నీరు ఎంతో తేలుతుంది.

సాగర్ నిండినప్పుడు నీటి విస్తీర్ణం సుమారు 285 చదరపు కిలోమీటర్లు. అంత విశాలమైన నీటి మీద ఒక్క అంగుళం అంటే పావు టీఎంసీ. దాన్ని ఒక రోజు ప్రవాహంగా మారిస్తే దాదాపు మూడు వేల క్యూసెక్కులు. ఈదురు గాలికి నీరు ఒకవైపు నెట్టుకుపోయి గేజి దగ్గర అంగుళం ఎక్కువ కనిపిస్తే, రాని మూడు వేల క్యూసెక్కులు వచ్చినట్టు రాసుకోవాల్సి వస్తుంది. రెండు లక్షల క్యూసెక్కుల వరదలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. మే నెలలో అదే తేడా నగరం రోజువారీ అవసరానికి ఆరు రెట్లు. హైదరాబాద్ రోజంతా తోడుకునే నీరు నిండు సాగర్‌లో అంగుళంలో ఆరో వంతు మట్టాన్ని మాత్రమే తగ్గిస్తుంది. అంత చిన్న అంకెను అంత పెద్ద కొలమానంతో పట్టుకోవడం కుదరని పని. పంపుహౌస్ దగ్గరా, కాలువ తూము దగ్గరా విడివిడిగా కొలిస్తేనే అది దొరుకుతుంది. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు చర్చల్లో టెలిమెట్రీ కేంద్రాలు (కొలతలను దూరానికి వాటంతట అవే పంపేవి) ఎక్కడ పెట్టాలన్నది ఏళ్ల తరబడి నలగడానికి ఇదే మూలం. ఎవరు ఎంత తీసుకున్నారన్న లెక్క తేలకపోతే మిగిలింది ఎంతో కూడా తేలదు.

ఆవిరి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 811 టీఎంసీల్లో శ్రీశైలం జలాశయం ఆవిరి నష్టం కింద చూపించినదే 33 టీఎంసీలు. హైదరాబాద్ ఏడాది కృష్ణా కోటాకు అది సరిగ్గా రెట్టింపు.

## ఆగస్టులో రాసిన ఏప్రిల్ వార్త

కృష్ణా పుట్టింది మహాబలేశ్వర్ దగ్గర. పడమటి కనుమల్లో పడిన వాన సాగర్‌కు చేరాలంటే వరుసగా కొన్ని పెద్ద కుండలు నిండాలి. ముందు కర్ణాటకలో ఆల్మట్టి, అది సుమారు 129 టీఎంసీలు. దాని కింద నారాయణపూర్ 37. తర్వాత తెలంగాణలో జూరాల, 9.66 టీఎంసీల చిన్న జలాశయం. అటుపై 215 టీఎంసీల శ్రీశైలం. ఇంకోవైపు నుంచి తుంగభద్ర, 105 టీఎంసీలు. వీటిలో పైది నిండితేనే కిందిదానికి చెప్పుకోదగ్గ నీరు. చిట్టచివర సాగర్.

మంచి ఏడాదిలో ఈ వరుస వరం. అన్నీ నిండుతూ వస్తాయి. వానలు తక్కువైన ఏడాదిలో కొరత మొత్తం చివరి కుండ మీద పడుతుంది. ఎగువన పది శాతం లోటు ఉంటే దిగువన లోటు పది శాతంతో ఆగదు. మృగశిర కార్తెలో హైదరాబాద్‌లో జోరు వాన పడినా సాగర్‌కు దానితో సంబంధం లేదు. ఆల్మట్టి గేట్లు ఎప్పుడు లేచాయి, ఎన్ని రోజులు తెరిచి ఉన్నాయి అన్నదే అసలు సూచిక.

2023 దీనికి తాజా ఉదాహరణ. ఆ ఏడాది ఆగస్టులో దేశంలో సాధారణం కన్నా 36 శాతం తక్కువ వాన పడింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు లేదు. శ్రీశైలం నిండలేదు, సాగర్ నిండలేదు. సెప్టెంబరు దాటాక కృష్ణాలో మళ్లీ పెద్ద ప్రవాహం రావడం అరుదు. అంటే 2024 వేసవి ఎలా ఉండబోతోందో 2023 అక్టోబరుకే తెలుసు. నవంబరు 30న సాగర్ డ్యాం మీద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చిందన్నా, ఆ తర్వాత కేంద్ర బలగాలు కాపలాకు దిగాయన్నా వాటి వెనుక ఉన్నది ఈ కొరతే. ఏప్రిల్ నాటికి మట్టం 510 చుట్టుపక్కలకు చేరింది. అత్యవసర పంపింగ్ ఏర్పాట్లు మొదలయ్యాయి. ఆ వార్త ఏప్రిల్‌లో అచ్చయినా, నది దాన్ని ఆగస్టులోనే రాసేసింది.

## మంజీరా నేర్పిన పాఠం

ఒకే నది మీద ఆధారపడితే ఏమవుతుందో హైదరాబాద్ 2015-16లో చూసింది. అంతకుముందు దశాబ్దాల పాటు నగరానికి ప్రధాన ఆధారం గోదావరి ఉపనది మంజీరా. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలు చాలక, 1965లో మంజీరా నీరు తెచ్చారు. తొంభైల్లో దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం తోడైంది. కృష్ణా నీటితో పోలిస్తే ఇది దగ్గరి నీరు, చవక నీరు.

2015 వానాకాలం వరుసగా రెండో ఏడాది విఫలమయ్యాక సింగూరు, మంజీరా అడుగంటాయి. జంట జలాశయాలూ ఎండిపోయాయి. నాలుగు పాత ఆధారాలూ ఒకేసారి చేతులెత్తేశాయి. అదే మంజీరా ఎగువన మహారాష్ట్రలోని లాతూరు పట్టణం ఇంకా ఘోరమైన స్థితిలో ఉంది. 2016 ఏప్రిల్‌లో దానికి మిరాజ్ నుంచి రైల్లో నీళ్లు తరలించారు. మొదటి రైలు తెచ్చింది 5 లక్షల లీటర్లు. ఎగువ పట్టణానికి రైల్లో నీళ్లు వెళుతున్నప్పుడు దిగువ జలాశయానికి నదిలో నీళ్లు వస్తాయని ఎదురుచూడటంలో అర్థం లేదు. ఎగువ పట్టణాల పరిస్థితి కూడా ఒక గేజి లాంటిదే, దాన్నీ చదవాలి.

హైదరాబాద్‌కు లాతూరు గతి పట్టకపోవడానికి కారణం 2015లోనే అందుబాటులోకి వచ్చిన రెండు పథకాలు: కృష్ణా మూడో దశ, ఎల్లంపల్లి నుంచి రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు తెచ్చే గోదావరి మొదటి దశ. ఆ వేసవి నగరం ఈ రెండు నదుల మీదే గడిచింది. 2016 సెప్టెంబరు చివరి వానలకు గానీ సింగూరు నిండలేదు. పథకాలు రెండేళ్లు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు జవాబు ఊహించడం కష్టం కాదు.

## అదే తాగునీరు, రెండు రకాల ఖర్చు

తాగునీటికే తొలి ప్రాధాన్యం అని జాతీయ జల విధానాలన్నీ చెబుతూ వచ్చాయి. అందులో వివాదం లేదు. అమలులోనే చిక్కుంది. హైదరాబాద్ నీరు పంపులోంచి పైపులో వస్తుంది. 500 క్యూసెక్కులు కావాలంటే 500 తీసుకుంటే చాలు. ప్రకాశం, పల్నాడు, ఖమ్మం ప్రాంతాల్లో చాలా ఊళ్లు, పట్టణాలు తాగునీటి కోసం కాలువ మీద ఆధారపడ్డాయి. కాలువ వచ్చినప్పుడు వేసవి నిల్వ చెరువులను నింపుకుని నెలల తరబడి వాడుకుంటాయి. కుడి కాలువ చివరన ఉన్న చెరువుకు కొద్దిపాటి నీరు చేరాలన్నా కాలువలో వేల క్యూసెక్కులు రోజుల తరబడి పారాలి. దారిలో మట్టి తాగేది, తూముల్లో జారేది, మోటార్లతో లాగేది పోగా మిగిలింది చివరికి చేరుతుంది. అందుకే ‘తాగునీటికి విడుదల’ అన్న ఒకే మాట కింద రెండు రాష్ట్రాలు వేర్వేరు అంకెలు అడుగుతాయి. చివరి ఊరి ఆడవాళ్లు బిందెలతో నిలబడే వరసకు, నగరంలో కుళాయి రాని రోజుకు మధ్య ఏది ముఖ్యమని తూచే పని ఏ పట్టికా చేయలేదు. అయితే కాలువను ఫిబ్రవరిలో ఒకసారి గట్టిగా వదిలి చెరువులన్నీ నింపడానికీ, మే నెలలో ఎండిన కాలువను మళ్లీ తడిపి నింపడానికీ అయ్యే నీటి ఖర్చులో తేడా చాలా ఉంటుంది.

వాటాల లెక్కలో ఇంకో మెలిక ఉంది. 1976లో ఖరారైన బచావత్ తీర్పు ప్రకారం గృహ, పట్టణ అవసరాలకు తీసుకున్న నీటిలో 20 శాతాన్నే వినియోగంగా చూడాలి. మిగతాది మురుగునీటి రూపంలో నదికి తిరిగి చేరుతుందన్నది దాని తర్కం. అలా చూస్తే హైదరాబాద్ తీసుకునే 16.5 టీఎంసీల్లో వాటా కింద లెక్కించాల్సింది 3.3 టీఎంసీలే అని తెలంగాణ వాదన. నగరం వాడి వదిలిన నీరు మూసీలో పడి, నల్గొండ పొలాలు తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణాలో కలుస్తుంది. కానీ ఆ కలయిక సాగర్‌కు దిగువన. తిరిగొచ్చిన నీరు వాటా పద్దులో కనిపిస్తుంది గానీ, సాగర్ మట్టాన్ని ఒక్క అంగుళం కూడా పెంచదు. కాగితం మీది లెక్కనూ జలాశయంలోని లెక్కనూ కలిపి చూడటం వల్లే ఈ విషయంలో ఇంత గందరగోళం.

## చెన్నై, కేప్‌టౌన్ ఏం చూపించాయి?

చెన్నై కూడా కొంతవరకు కృష్ణా మీద ఆధారపడిన నగరమే. తెలుగుగంగ ఒప్పందం కింద మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తే, దారి నష్టం పోను 12 టీఎంసీలు దానికి అందాలి. ఆ నీరు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరి, కండలేరు చేరి, అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువలో తమిళనాడు సరిహద్దుకు వెళుతుంది. ఇక్కడా సమస్య ఎత్తుదే. శ్రీశైలం మట్టం తగినంత లేకపోతే పోతిరెడ్డిపాడు తూములకు నీరు అందదు. 2019 జూన్‌లో చెన్నైకి నీరిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. అంతకుముందు ఏడాది ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసిన డిసెంబరులోనే ఆ జూన్ ఖాయమైపోయింది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే మింజూరు, నెమ్మేలి ప్లాంట్లు లేకపోతే పరిస్థితి మరింత చెడేది.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కథ దీనికి భిన్నం. మూడు శీతాకాలాలు వరుసగా వానలు తగ్గడంతో 2018 మొదట్లో ఆ నగరం కుళాయిలు కట్టేసే రోజును లెక్కగట్టి ప్రకటించింది. జలాశయాల నిల్వ 13.5 శాతానికి పడితే కుళాయిలు బంద్, మనిషికి రోజుకు 25 లీటర్లు లైన్లో నిలబడి పట్టుకోవాలి. ఆ ముప్పు తప్పించడానికి ఫిబ్రవరి 1 నుంచి మనిషికి 50 లీటర్ల పరిమితి పెట్టారు. పరిమితులకు దశలున్నాయి. ఏ దశలో ఏం ఆగిపోతుందో అందరికీ ముందే తెలుసు. ప్రతి వారం జలాశయాల మట్టం, నగరం వాడకం పక్కపక్కనే ప్రకటించేవారు. 2015లో రోజుకు 120 కోట్ల లీటర్ల దాకా వాడిన నగరం 2018కి దాదాపు 50 కోట్లకు దించుకుంది. ఆ రోజు రాలేదు. కేప్‌టౌన్ నిర్ణయాలు కూడా ఆలస్యంగానే మొదలయ్యాయన్న విమర్శ ఉంది, అది సబబే. కానీ మొదలయ్యాక ఏ అంకెకు ఏం జరుగుతుందో దాచలేదు.

## భద్రాచలంలో ఉన్నవి సాగర్‌లో ఎందుకు లేవు?

గోదావరి పొంగితే భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. ఏ అంకె దగ్గర ఏ కాలనీ ఖాళీ చేయాలో, ఏ రోడ్డు మునుగుతుందో ముందే రాసి ఉంటుంది. గేజి చూసే ఉద్యోగి అంకె చెబితే చాలు, మిగతా యంత్రాంగం కదులుతుంది. వరద గంటల్లో వస్తుంది, అయినా ఇంత సన్నద్ధత ఉంది. కరువు ఎనిమిది నెలల ముందు కబురు పెట్టి వస్తుంది, దానికి మాత్రం ఇలాంటి గీతలు లేవు.

ఉంటే ఎలా ఉంటాయో ఊహించవచ్చు. మొదటి గీత నవంబరు 1న. అప్పటికి సాగర్‌లో ఉన్న నిల్వలోంచి 131 టీఎంసీల పరుపు, నగరానికి 13, కాలువ కింద ఊళ్ల చెరువులకు కావాల్సింది, ఆగస్టు దాకా ఆవిరి తీసేయాలి. మిగిలింది యాసంగికి. స్థూలంగా టీఎంసీకి పదివేల ఎకరాల ఆరుతడి పంట అన్నది పాత లెక్క. ఈ అంకె నవంబరులో చెబితే రైతు వరి మాని మినుమో, మొక్కజొన్నో, శనగో వేసుకుంటాడు. అదే మాట ఫిబ్రవరిలో చెబితే పొట్టదశలో ఉన్న వరి ఎండుతుంది, లేదా దాన్ని బతికించడానికి తాగునీటి పరుపు కరిగించాల్సి వస్తుంది. రెండూ నష్టాలే, రెండూ తప్పించగలిగినవే. నగరం తాగునీటికి రైతు పంట అడ్డు అన్నట్టు ప్రతి ఏప్రిల్‌లో నడిచే వాదన నిజానికి నవంబరులో చెప్పని మాట వల్ల పుట్టింది.

రెండో గీత ఫిబ్రవరి చివర, మూడోది 510కి కొన్ని అడుగుల ముందు. ఒక్కో గీతకు నగరంలో ఏం మారాలో కూడా రాసి పెట్టాలి. నిర్మాణాలకు మంచినీరు ఆపడం, లీకులు పట్టే బృందాలను రెట్టింపు చేయడం, రోజు విడిచి రోజు సరఫరా. ఇందుకు మీటర్లు కావాలి. 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఆ పరిమితి దాటారో లేదో తెలియాలన్నా మీటరే ఆధారం. నదిలో ప్రవాహం కొలవడానికి పడే తంటా అంతా నగరంలో కొలత లేని పైపు దగ్గర వృథా అవుతుంది.

## ట్యాంకర్లు చెప్పే ఇంకో కరువు

2024 వేసవిలో మరో విషయం బయటపడింది. నల్లా నీటి సరఫరా పెద్దగా తగ్గకపోయినా పడమటి కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్ల కోసం క్యూ పెరిగింది. అక్కడ ఎండింది సాగర్ కాదు, బోర్లు. స్నానాలకు, గిన్నెలకు బోరు నీళ్లు వాడుకుని నల్లా నీళ్లు తాగడానికే ఉంచుకున్న ఇళ్లు, బోరు పోగానే మొత్తం అవసరాన్ని జలమండలి ట్యాంకర్ మీద మోపాయి. అదే వేసవి బెంగళూరులో జరిగింది కూడా ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. నది గేజి ఎంత బాగా పనిచేసినా ఈ కరువును చూపించలేదు. భూగర్భ జలమట్టం కూడా నెలనెలా సాగర్ మట్టం పక్కనే కనిపించాలి. లేకపోతే 270 మిలియన్ గ్యాలన్లకు వేసిన లెక్క మే నెలలో తప్పుతుంది.

## ముందున్న పథకాలు

సాగర్‌లో 510 అడుగుల ఇబ్బందిని తొలగించడానికే సుంకిశాల దగ్గర కొత్త ఇన్‌టేక్ కడుతున్నారు. డెడ్ స్టోరేజీ నుంచి కూడా నేరుగా తోడుకునేలా దాని రూపకల్పన. అది పూర్తయితే అత్యవసర పంపింగ్ అవసరం ఉండదు. అయితే దానితో ఒక కొత్త చిక్కు వస్తుంది. ఇంతకాలం 510 గీత దగ్గర నగరం గోల పెట్టేది కాబట్టి విడుదలలు ఆగేవి. నగరానికి ఆ గీతతో పని లేకపోతే జలాశయం ఇంకా కిందకు దిగే అవకాశం ఉంది. అప్పుడు కాలువ మీద బతికే ఊళ్ల తరఫున మాట్లాడే గొంతు బలహీనపడుతుంది.

మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చి జంట జలాశయాలను కూడా నింపే గోదావరి రెండు, మూడు దశల పథకం ఇంకో దారి. రెండు నదులు ఉండటం మంచిదే, 2016 దాన్ని నిరూపించింది. కానీ మల్లన్నసాగర్‌కు సొంత పరీవాహకం చెప్పుకోదగ్గంత లేదు, దాన్ని గోదావరి నుంచి ఎత్తిపోసి నింపాలి. కాబట్టి అక్కడా ఎల్లంపల్లికి ఎగువన కడెం, శ్రీరామసాగర్ ప్రవాహాల మీద అదే నిఘా, అదే ముందస్తు లెక్క అవసరమవుతాయి.

ఆ లెక్క ఏ తేదీ దాకా వేసుకోవాలో 2024 చూపించింది. వేసవి అంతా 510 చుట్టూ తిరిగిన సాగర్‌కు జూన్‌లో గానీ, జూలైలో చాలా రోజులు గానీ ఎగువ నుంచి వరద అందలేదు. జూలై 29న శ్రీశైలం గేట్లు లేచాయి. నీటిమట్టం అంత వేగంగా పెరగడంతో ఆగస్టు 2న సుంకిశాలలో కడుతున్న గోడ ఒకటి కూలి నీరు లోపలికి చొచ్చుకొచ్చింది. ఆగస్టు 5న సాగర్ గేట్లు కూడా ఎత్తారు.